గ్రూపులోంచి తీసేసిన పేరు

మాఘ పౌర్ణమి వచ్చిందంటే మా హంసలదీవి రోడ్డు మీద సైకిల్ నడిపే సందు కూడా ఉండదు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునగాలని బందరు నుంచి, గుడివాడ నుంచి, ఏటి అవతల రేపల్లె వైపు నుంచి జనం దిగుతారు. వేణుగోపాలస్వామి గుడి దగ్గర్నుంచి పాలకాయతిప్ప దాకా ఆటోలు, ట్రాక్టర్లు, నెత్తిన మూటలు. ఆ రోజు మా ఊరి కుర్రాళ్లందరికీ ఏదో ఒక పని ఉంటుంది. బళ్లు పెట్టించేవాళ్లు కొందరు, మంచినీళ్లు పోసేవాళ్లు కొందరు, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు ఇంకొందరు.

ఈసారి నేను మంచినీళ్ల డ్రమ్ముల దగ్గర ఉన్నా. నా చిన్నప్పటి స్నేహితుడొకడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఒక గ్లాసు తాగాడు. కాసేపు జనాన్ని చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: “ఒరే, నన్ను గ్రూపులోంచి ఎందుకు తీసేశార్రా?”

తీసింది నేనే. మా క్రికెట్ టీమ్ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ని నేనే. వాడికది తెలుసో లేదో నాకు తెలీదు. “ఏమోరా, ఫోన్ మారినప్పుడు పోయినట్టుంది” అన్నా. అబద్ధం చెప్పా.

ఆ అబద్ధం గురించే ఇది రాస్తన్నా. వాణ్ణి అడిగి, వాడు సరేనన్నాకే రాస్తన్నా. పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కూడా చెప్పను.

వాడు మా టీమ్‌లో ఓపెనర్. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్‌కి సిటీకి వెళ్లాడు. రెండో సంవత్సరంలో ఇంటికొచ్చేశాడు. నిద్ర లేదు, తిండి లేదు. ఎవరో తనని తిడతన్నట్టు వినపడతందనేవాడు. రాత్రి రెండింటికి, మూడింటికి గ్రూపులో పొడుగు పొడుగు మెసేజీలు పెట్టేవాడు. ఒకటికీ తలా తోకా ఉండేది కాదు. మావాళ్లు నవ్వే బొమ్మలు పెట్టేవాళ్లు. ఒకరోజు ఎవడో “అడ్మిన్, ఈడి గోల ఆపు” అని రాశాడు. నేను తీసేశా. ఒక్క నొక్కు, అంతే.

వాళ్లింట్లో ముందు తాయెత్తు కట్టించారు. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మందులు మొదలయ్యాయి. ఆర్నెల్లకి మాటలు తగ్గాయి, నిద్ర కుదురుకుంది. ఇప్పుడు రెండేళ్లయింది, వాళ్ల నాన్నతో రొయ్యల చెరువు మీద కాపలా ఉంటన్నాడు. మేత లెక్క, ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయనేది నోటుబుక్కులో రాస్తాడు. లెక్క ఎప్పుడూ తప్పలేదంట. డాక్టరు దృష్టిలో వాడు కుదురుకున్నట్టే. మా దృష్టిలో మాత్రం వాడింకా ఆ రాత్రి మూడింటి మెసేజీ దగ్గరే ఉన్నాడు. పెళ్లిళ్లకి వాళ్లింటికి శుభలేఖ వెళ్తుంది, వాడికి పిలుపుండదు. మ్యాచ్‌కి ఒకడు తక్కువైతే పక్కూరి నుంచి తెచ్చుకుంటాం గానీ వాణ్ణి అడగం. రోడ్డు మీద కనపడితే “ఏరా, టాబ్లెట్లు వేసుకుంటన్నావా?” అంటాం. అది పరామర్శ అనుకుంటాం. నలుగురి ముందు ఆ ప్రశ్న వేస్తే అదెలా తగులుతుందో వాడొక్కడికే తెలుసు.

ఇది మా ఊళ్లో ఒక్కడి కథైతే ఇంత రాయక్కర్లేదు. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 10.6 శాతం మందికి, సర్వే చేసే సమయానికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందట్లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులో మన రాష్ట్రం లేదు. మనకిక్కడ వేరేగా ఉంటుందనుకోవడానికి మాత్రం కారణమేమీ కనపడదు. వంద మంది పెద్దవాళ్లున్న వీధి అనుకోండి, పది మంది. మీ వీధిలో ఆ పది మందీ ఎవరో మీకు తెలుసా? తెలీదంటే వాళ్లు లేరని కాదు, చెప్పుకోవట్లేదని.

ఇంకో లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్ 30న ఒంటరితనం మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడతన్నారంట. దానివల్ల ఏటా 8 లక్షల 71 వేల మంది చనిపోతన్నారని అంచనా, అంటే గంటకి వందమంది. ఒంటరితనం ముసలోళ్ల జబ్బని మనం అనుకుంటాం గానీ 13 నుంచి 29 ఏళ్ల వాళ్లలోనే నూటికి 17 నుంచి 21 మంది ఒంటరిగా ఉన్నామన్నారు. ఒంటరితనం గుండెనీ మెదడునీ కూడా దెబ్బతీస్తుందని ఆ నివేదిక చెప్తంది. ఏ జబ్బూ లేనివాడికే అలా ఉంటే, జబ్బు చేసి లేచినవాణ్ణి నలుగురూ కలిసి ఒంటరిని చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. మన ఊళ్లల్లో “ఆడికి సరిగ్గా ఉండదు” అని ఒకే మాట కింద మూడు వేరు వేరు సంగతులు కలిపేస్తాం. మానసిక అనారోగ్యం ఎవరికైనా ఏ వయసులోనైనా రావచ్చు, మందులతో, మాటలతో చాలామందికి తగ్గుతుంది. రెండోది మేధో వైకల్యం. అది చిన్నప్పటి నుంచీ ఉంటుంది, జబ్బు కాదు, ఆ మనిషి నేర్చుకునే వేగమే తక్కువ. మూడోది డిస్లెక్సియా లాంటి నేర్చుకునే ఇబ్బంది. తెలివి అందరిలాగే ఉంటుంది, అక్షరాలు మాత్రమో అంకెలు మాత్రమో పట్టుబడవు. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమాలో పిల్లాడిది ఇదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ మూడిటినీ విడివిడిగా గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే, ఇందులో 21 ఉన్నాయి. మూడూ వేరైనా మనం చేసేది మాత్రం ఒక్కటే. ఒక పేరు పెడతాం, పక్కన కూర్చోబెడతాం, మర్చిపోతాం.

మా వీధి చివర ఒక అమ్మాయి ఉంది. పాతికేళ్లుంటాయి. మేధో వైకల్యం. బడి వయసున్నప్పుడు మండలంలో భవిత కేంద్రానికి తీసుకెళ్లేవాళ్లు. అక్కడ టీచరుండేది, తోటి పిల్లలుండేవాళ్లు, పాటలుండేవి. బడి వయసు దాటింది, అవన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఇప్పుడు పొద్దున్నే అరుగు మీద కూర్చుంటుంది, మధ్యాహ్నం ఎండొస్తే లోపలికెళ్తుంది. ఆ పిల్లని వదిలి వెళ్లలేక వాళ్లమ్మ డ్వాక్రా మీటింగులు మానేసింది, పేరంటాలు మానేసింది. మా అమ్మ ఒకసారి “ఏం వదినా, కనపడట్లేదు” అంటే, “దీన్నెక్కడ పెట్టి రాను?” అందంట. ఒక్క మనిషిని పక్కన పెడితే ఆ ఇంటిల్లిపాదీ పక్కకెళ్లిపోతారు. మగపిల్లాడైతే కనీసం చెరువుగట్టు దాకా వెళ్తాడు, టీకొట్టు దగ్గర నిలబడతాడు. ఆడపిల్లకి ఆ అరుగే ప్రపంచం.

ప్రభుత్వం ఏం చేయట్లేదా అంటే, చేస్తంది. వికలాంగుల పింఛను మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకి 6 వేలు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్టుంటే మానసిక అనారోగ్యానికీ మేధో వైకల్యానికీ కూడా అది వర్తిస్తుంది. 2022 అక్టోబరు 10న టెలి మానస్ మొదలైంది. 14416కి ఫోన్ చేస్తే పగలూ రాత్రీ డబ్బులు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. బందరులో 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనని చెప్పి 15 మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలంది.

ఇవన్నీ కావాల్సినవే. ఒకటి గమనించండి. కౌన్సిలర్ హాస్టల్లో ఉంటాడు. ఆ హాస్టల్ నుంచి పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసిన కుర్రాడు ఎవరి లెక్కలో ఉంటాడు? వాడు మన లెక్కలో ఉండాలి. పింఛను ఒకటో తారీఖున ఇంటికొస్తుంది. రెండో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఆ గుమ్మం ఎవరు తొక్కుతారు? ఆ పని ఏ శాఖా చేయలేదు.

చట్టం మాత్రం ఆ సంగతి కూడా రాసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 19వ సెక్షన్ ఏమంటుందంటే, మానసిక అనారోగ్యం ఉన్న ప్రతి మనిషికీ సమాజంలో బతికే హక్కు, అందులో భాగంగా ఉండే హక్కు, వేరు చేయబడకుండా ఉండే హక్కు ఉన్నాయి. ఇంట్లోవాళ్లు వద్దన్నారని, ఇల్లు లేదని ఎవర్నీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. ఎందుకు రాయాల్సొచ్చిందో తెలియాలంటే ఏర్వాడి గుర్తు చేసుకోవాలి. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక షెడ్డు తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. వాళ్లని అక్కడ వదిలింది ఇంట్లోవాళ్లే. ఇంట్లోవాళ్లని అక్కడిదాకా నెట్టింది ఊళ్లో ఎవరూ ఆసరా కాకపోవడం. మన ఊళ్లో గొలుసులు లేవు కదా అనొచ్చు. లేవు, నిజమే. అరుగు మీద అమ్మాయికి కూడా గొలుసు లేదు.

సరే, ఏం చేస్తే పని చేస్తుంది? పక్క డెల్టాలోనే ఒక ప్రయత్నం జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో ఆశా వర్కర్లకి ట్యాబులిచ్చి, ఇంటింటికీ వెళ్లి దిగులు, ఆందోళన, చావాలనే ఆలోచన ఉన్నాయేమో కొన్ని ప్రశ్నలతో కనుక్కునేలా తర్ఫీదిచ్చారు. అవసరమైనవాళ్లని పీహెచ్‌సీ డాక్టరు చూసేవాడు, తర్వాత ఆశా మళ్లీ వెళ్లి పలకరించేది. అంతకంటే ముందు ఊళ్లో నాటకం వేయించారు, జబ్బుని అనుభవించిన మనిషి తనే మాట్లాడిన వీడియో చూపించారు. సిగ్గు తగ్గితేనే తలుపు తీస్తారని వాళ్లకి తెలుసు. ఆ ఊళ్లల్లో వైద్యానికి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు.

స్కిజోఫ్రెనియా లాంటి పెద్ద జబ్బు మాటేంటంటే, దానికీ ఒక పరిశోధన ఉంది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మంది మీద చేశారు. 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొందరికి ఆసుపత్రి వైద్యం మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లకి దాంతోపాటు స్థానికంగా తర్ఫీదిచ్చిన మామూలు మనుషులు ఇంటికెళ్లి మందుల గురించి, పని గురించి, నలుగురిలో తిరగడం గురించి సాయం చేశారు. రెండో వాళ్లు కొంత మెరుగ్గా ఉన్నారు, ఆ తేడా తమిళనాడు పల్లెల్లో ఎక్కువ కనపడింది. అద్భుతం జరిగిందని వాళ్లు చెప్పలేదు. కొంత మెరుగు అన్నారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. మా వాడికి కావాల్సింది కూడా ఆ కొంతే.

ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. సైకియాట్రిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అక్కడ డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో 14 మంది ముసలమ్మలకి తర్ఫీదిచ్చి, ఆసుపత్రి ఆవరణలో ఒక చెక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. దిగులున్నవాళ్లు వచ్చి ఆ మామ్మ పక్కన కూర్చుని చెప్పుకోవడమే. దానికి స్నేహపు బెంచీ అని పేరు. 2016లో పరిశోధన ఫలితాలొస్తే, ఆర్నెల్ల తర్వాత బెంచీ మీద కూర్చున్నవాళ్లలో దిగులు మిగతావాళ్ల కంటే బాగా తగ్గింది. మనకి పనికొచ్చే ముక్క ఆ తర్వాతది. బెంచీ అయ్యాక వాళ్లని ఒక గుంపులోకి తీసుకెళ్తారు. అక్కడ అందరూ కలిసి ప్లాస్టిక్‌తో సంచులల్లుకుంటూ మాట్లాడుకుంటారు. చేతికి పని, పక్కన మనిషి, నాలుగు డబ్బులు.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి రావిచెట్టు, వలలు బాగుచేసే మా తాతలు గుర్తొచ్చారు. వల అల్లుతా ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఎదురెదురుగా కూర్చోబెట్టి “నీ బాధేంటో చెప్పు” అంటే ఎవడూ చెప్పడు. పక్కపక్కన కూర్చుని పని చేస్తంటే చెప్తాడు.

“ప్రమాదం కదా? ఎప్పుడెలా ఉంటాడో?” ఇది అందరూ అడిగే ప్రశ్న, నేనూ అడిగిన ప్రశ్న. మానసిక జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. దెబ్బలు కొట్టేవాళ్ల కంటే దెబ్బలు తినేవాళ్లే వాళ్లలో ఎక్కువ. జబ్బు ముదిరి నిద్ర మానేసి, మాట తేడా వచ్చినప్పుడు మాత్రం ఆలస్యం చేయకూడదు. ఇంట్లోవాళ్లకి చెప్పాలి, 14416కి చేయాలి, ప్రాణం మీదకొస్తే 108. ఇది గుర్తుపట్టాలన్నా మనిషితో రోజూ మాట్లాడేవాడు ఒకడుండాలి. మా వాడి మెసేజీలు మారినప్పుడు ముందు తెలిసింది మాకే, వాళ్లమ్మానాన్నలకి కాదు. మేం నవ్వాం. అదే వాళ్ల నాన్నకి ఒక్క ఫోన్ చేసుంటే మూడు నెలల ముందే ఆసుపత్రికి వెళ్లేవాడు.

ఇప్పుడు కుర్రాళ్లకి నాలుగు మాటలు చెప్తా. మొదటిది, మన కలయికలన్నీ మందు చుట్టూ తిరుగుతన్నాయి. మ్యాచ్ గెలిస్తే మందు, పుట్టినరోజుకి మందు. టాబ్లెట్లు వాడేవాడు తాగకూడదు. అంటే మనం కలిసే చోట్లన్నీ వాడికి మూసేసినట్టే. వారంలో ఒక్కసారైనా సీసా లేని కలయిక పెట్టుకోండి. పొద్దున్నే ఆట, సాయంత్రం టీ, ఏదైనా సరే.

రెండోది, జాలిపడి పిలవొద్దు, పని చెప్పి పిలవండి. స్కోరు రాయడం, గుడి ఉత్సవంలో చెప్పులకి టోకెన్లివ్వడం, వినాయక చవితి చందా లెక్క. పని చిన్నదైనా ఆ మనిషి రాకపోతే లోటు తెలియాలి. మందుల వల్ల కొందరికి చేతులు వణుకుతాయి, నిద్రమత్తుగా ఉంటుంది, ఒళ్లొస్తుంది. బద్ధకమనుకోకుండా దానికి తగ్గ పనీ, దానికి తగ్గ సమయం చూడండి. కూలి పనైతే అందరికిచ్చే కూలే ఇవ్వండి. టీ పోసి, నాలుగు బిస్కెట్లిచ్చి రోజంతా మూటలు మోయించుకునేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. దానికి స్నేహమని పేరు పెట్టొద్దు.

మూడోది, ఆ మనిషితోనే మాట్లాడండి. పక్కనున్న అమ్మని “ఏమంటాడు? తింటాడా?” అని అడగొద్దు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకి ఒకసారికి ఒక మాట చెప్పి, జవాబుకి కాసేపు ఆగితే చాలు, చాలామంది చక్కగా మాట్లాడతారు. మనకే ఆగే ఓపిక లేదు.

నాలుగోది అక్కచెల్లెళ్లకి. మీ డ్వాక్రా మీటింగుని నెలకోసారి అలాంటి అమ్మాయి ఉన్న ఇంటి అరుగు మీదే పెట్టండి. అందరికీ కుర్చీలు ఆ అమ్మాయి చేతే వేయించండి. వాళ్లమ్మ మళ్లీ సంఘంలోకి వస్తుంది. ఒక్క రూపాయి ఖర్చుండదు.

1977 నవంబరు 19న ఉప్పెనొచ్చినప్పుడు మా దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. మిగిలినవాళ్లు ఎవరి కూడు ఎవరు వండారో, ఎవరి పిల్లల్ని ఎవరు ఎత్తుకున్నారో మా మామ్మ ఇప్పటికీ చెప్తుంది. కులం కూడా కొన్నాళ్లు అడగలేదంటుంది. కంటికి కనపడే నీళ్లొస్తే మనం కలిశాం. ఒక మనిషి తలలోకొచ్చిన ఉప్పెన బయటికి కనపడదు, అందుకే మనకి పట్టట్లేదేమో.

పౌర్ణమి అయిన నాలుగో రోజు చెరువుగట్టు దగ్గరికెళ్లా. “గ్రూపులోంచి తీసింది నేనేరా” అని చెప్పా. “తెలుసు” అన్నాడు. ఫోన్ తీసి మళ్లీ కలపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “గ్రూపు తర్వాత. ఆదివారం మ్యాచుందా?” అన్నాడు.

ఆదివారం వచ్చాడు. స్కోరు రాశాడు. పదో ఓవర్ దాకా ఉండి, తలనొప్పిగా ఉందని వెళ్లిపోయాడు. మిగతా ఓవర్లు నేను రాశా, రెండు పరుగులు తప్పొచ్చింది. వచ్చే ఆదివారం కూడా పిలుస్తాం. రాకపోతే ఆ పై ఆదివారం పిలుస్తాం.